కావేరి ఒడ్డున మన బెంగళూరు నాగరత్నమ్మ

బెంగళూరు: శ్రీరామనవమి వచ్చిందంటే చామరాజపేట కోట హైస్కూలు మైదానంలో కచేరీల సందడి మొదలవుతుంది. శ్రీరామసేవా మండలి 1939 నుంచి జరుపుతున్న ఉత్సవమిది. పందిట్లో కన్నడిగులు, తమిళులు, మనవాళ్లు అందరూ పక్కపక్కనే కూర్చుంటారు. వేదిక మీద నుంచి ఎక్కువగా వినిపించేది మాత్రం తెలుగు పాటే. మాటకు అర్థం తెలియని వాళ్లు కూడా కళ్లు తుడుచుకుంటూ వినే పాట, త్యాగరాజు పాట. ఆ మహానుభావుడి సమాధికి గుడి కట్టించింది ఈ ఊరి పేరునే ఇంటిపేరులా మోసిన ఓ మహిళ. ఆమే బెంగళూరు నాగరత్నమ్మ.

తల్లి పంతం
నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టారు. తల్లి పుట్టలక్ష్మి దేవదాసి. తండ్రి వకీలే అయినా ఆయన అండ వాళ్లకు దక్కలేదు. కూతుర్ని ఎలాగైనా విదుషిని చేయాలన్నది తల్లి పంతం. మైసూరులో చదువు చెప్పిన గురువుతో చెడింది. తల్లీకూతుళ్లు ఆ ఊరు వదిలేసి, చివరికి బెంగళూరులో వయొలిన్ విద్వాంసుడైన మేనమామ దగ్గరికి చేరారు. సంస్కృతంతో పాటు తెలుగు, ఇంగ్లిషు కూడా ఒంటబట్టాయి. సంగీతం నేర్పింది మునుస్వామప్ప. ఆయన త్యాగరాజు శిష్యుల వరసలోని వారు. అంటే తిరువయ్యారులో పుట్టిన కీర్తన నోటి నుంచి నోటికి ఊళ్లు దాటుకుంటూ ఈ పిల్ల దాకా నడిచి వచ్చిందన్నమాట.

తల్లి తొందరగానే పోయారు. మైసూరు హైకోర్టు జడ్జి నరహరిరావు ఆమెను ఆదరించారు. హనుమంతనగర్‌లో కుమారస్వామి గుడి ఉన్న గుట్టను నరహరిరాయన గుడ్డ అంటారే, ఆ పేరు ఆయనదే. విద్య ఇంకా రాణించాలంటే మద్రాసు వెళ్లమని సలహా ఇచ్చిందీ ఆయనే. మద్రాసు వెళ్లాక ఆమెకు తిరుగు లేకపోయింది. ఊరూరా కచేరీలు, గ్రామఫోను రికార్డులు. ఆ కాలంలో ఒక గాయని ఆదాయపు పన్ను కట్టేంత సంపాదించారంటే మాటలా!

ఏముంది ఆ పాటలో?
కచేరీకి కొత్తగా వెళ్లిన వాళ్లకి ఒక సందేహం వస్తుంది. ఒకే లైను అన్నిసార్లు ఎందుకు పాడతారని. వాటినే సంగతులు అంటారు. మొదటిసారి మాట తిన్నగా వస్తుంది. రెండోసారి చిన్న మలుపు తిరుగుతుంది. ఆ తర్వాత ఇంకాస్త పైకి పోతుంది. మాట అదే, మనసే మారుతూ ఉంటుంది. ముందు అడిగినట్టు, తర్వాత అలిగినట్టు, ఆఖరికి ఇక నీ ఇష్టం అని వాలిపోయినట్టు ఉంటుంది. పైగా త్యాగరాజు చాలా కీర్తనల్లో రాముడితో మాట్లాడేది పండితుల తెలుగు కాదు, ఇంట్లో పెద్దవాళ్లని నిలదీసే తెలుగు. పలకలేదని కోపం, ఆలస్యం చేశాడని నిష్ఠూరం, అంతలోనే మురిపెం. భాష రానివాళ్లకి ఆ అలకను రాగం చెబుతుంది. మనకు మాట కూడా తెలుసు కాబట్టి రెండింతలు తగులుతుంది. కన్నడ సీమలో పెరిగిన నాగరత్నమ్మను జీవితమంతా పట్టి ఉంచింది ఈ అలకే కావచ్చు.

ముద్దుపళని కోసం
తెలుగు సాహిత్యానికి ఆమె చేసిన మేలు వేరే ఉంది. తంజావూరు ప్రతాపసింహుడి కొలువులోని ముద్దుపళని 18వ శతాబ్దంలో రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనము. అప్పటికే అచ్చయిన పుస్తకంలో కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని గమనించి, రాతప్రతి సంపాదించి, మొత్తం సరిచేసి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రచురించారు. ఈ కావ్యాన్ని వీరేశలింగం పంతులు అంతకుముందే దుమ్మెత్తిపోశారు. మగకవులు రాస్తే లేని సిగ్గు ఆడది రాస్తేనే వస్తుందా అన్న అర్థంలో నాగరత్నమ్మ పీఠికలోనే నిలదీశారు. అంత పెద్దాయనను అలా అడగడానికి గుండె కావాలి. 1911లో ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు మద్రాసు ప్రభుత్వ పగ్గాలు పట్టేదాకా ఆ నిషేధం తొలగలేదు.

ఒక ఉత్తరం
1921లో బిడారం కృష్ణప్ప నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మైసూరు విద్వాంసుడు, వయొలిన్ చౌడయ్యకు గురువు ఆయన. తిరువయ్యారులో త్యాగరాజు సమాధి పాడుబడి ఉందని, ఎవరో ఒకరు పూనుకోవాలని అందులోని సారాంశం. త్యాగరాజు కన్నుమూసింది 1847లో. అప్పటికి ముప్పావు శతాబ్దం కావస్తోంది. ఆయన పాటలు పాడి పేరు తెచ్చుకున్నవాళ్లకు కొదవ లేదు, సమాధికి మాత్రం సరైన గూడు లేదు. నాగరత్నమ్మ బయల్దేరి వెళ్లి స్థలం సంపాదించారు. ఆ ఏడాదే అక్టోబరు 27న పునాది వేయించారు. 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. ఖర్చంతా ఆమె పాడి సంపాదించిన సొమ్మే.

కట్టించిన గుడి ముందే అడ్డు
అసలు గొడవ ఇక్కడ మొదలైంది. ఆరాధన జరిపే మగవాళ్లలో అప్పటికే రెండు వర్గాలు. పెద్ద కచ్చి, చిన్న కచ్చి అనేవారు. వాళ్లకి ఒకరంటే ఒకరికి పడదు. కానీ ఆడవాళ్లను పాడనివ్వకూడదు అన్నచోట మాత్రం ఇద్దరిదీ ఒకే మాట! గుడి కట్టించిన మనిషికే అక్కడ గొంతు విప్పే వీల్లేదు. నాగరత్నమ్మ ఊరుకోలేదు. 1927 నుంచి సమాధి వెనక వైపు ఆడవాళ్లతో విడిగా కచేరీలు పెట్టించారు. అదే పెంగళ్ కచ్చి, అంటే ఆడవాళ్ల జట్టు.

అదే 1927లో ముత్తులక్ష్మీరెడ్డి ఆడపిల్లల్ని గుళ్లకు అంకితం చేసే ఆచారాన్ని ఆపాలని మద్రాసు శాసనమండలిలో తీర్మానం తెచ్చారు. దేవదాసీల సంఘం తరఫున దాన్ని గట్టిగా వ్యతిరేకించింది నాగరత్నమ్మే. ఇక్కడ ఆమెతో అందరూ ఏకీభవించరు. పసిపిల్లల బతుకుల్ని కాపాడాలన్న ముత్తులక్ష్మి వాదనలో న్యాయం ఉంది. అయితే చదువు, సంగీతం, సొంత ఆస్తి ఉన్న ఆడవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేశారన్న ఈమె బాధనూ కొట్టిపారేయలేం. 1947లో చట్టం వచ్చేసింది.

తిరువయ్యారులో మూడు వర్గాలూ 1940లో కలిసిపోయాయి. ఆడవాళ్లకు దారి తెరుచుకుంది. ఆమె చివరి రోజులు ఆ ఊళ్లోనే గడిచాయి. 1949లో వీలునామా రాసి తన ఆస్తిని త్యాగరాజు సేవకు అప్పగించారు. సమాధి దగ్గర పూజ చేయకుండా, పాడకుండా ఆడవాళ్లను, అందులో దేవదాసీలను కూడా, ఎవరూ ఆపకూడదన్నది షరతు.

1952 మే 19న నాగరత్నమ్మ కన్నుమూశారు. రాధికా సాంత్వనము మళ్లీ అచ్చయిందీ ఆ ఏడాదే. ఆమె సమాధి త్యాగరాజు సమాధికి దగ్గర్లోనే ఉంది. అందులో ఆమె విగ్రహం ఆయన వైపే చూస్తూ కూర్చుని ఉంటుంది. ఏటా పుష్య బహుళ పంచమి నాడు ఆడా మగా వందల మంది ఆ ఎదుటే చేరి పంచరత్నాలు పాడతారు.