వ్యక్తికా, పక్షమునకా?

టెక్కలి తీరమున మూలపేట వంటి గ్రామములందు స్థానిక యెన్నికల మాట వచ్చినప్పుడెల్ల, మనిషిని చూచి వోటు వేయుటయా, పక్షమును చూచి వేయుటయా యను వాదము రచ్చబండ కెక్కును. చట్టమే యీ వాదమును రెండుగా చీల్చినది. సర్పంచి యెన్నికలో పక్షముల గుర్తులు లేవు; ఉంగరమో కత్తెరయో యుండును. మండల, జిల్లా పరిషత్తుల యెన్నికలలో పక్షముల గుర్తులే నిలుచును. పక్షము పేర గెలిచి, పక్షము నెదిరించియు గెలిచిన వరాహగిరి వేంకటగిరిగారి చరిత్రము ఇట్టి సమయమున తలంపదగినదని మేము భావింతుము.

గిరిగారు 1894లో బరంపురమున జన్మించిరి. 1936లో ఒరిస్సా వేఱగువఱకు ఆ పట్టణమును, మన టెక్కలి సీమయు గంజాం జిల్లాలోనివే. కావున వారు మనకు పరాయివారు కారు. ఐర్లండున న్యాయశాస్త్రము చదివి 1916లో మరలివచ్చి, పలాస మీదుగ పోవు బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులకు నాయకులైరి.

1937 నాటి బొబ్బిలి యెన్నిక ఆంధ్రదేశమునంతను అచ్చెరు వొందించినది. ఎదుట నిలిచినవారు సాక్షాత్తు బొబ్బిలి రాజాగారు. జస్టిస్ పక్షమునకు నాయకులు, చెన్నరాజధానికి ముఖ్యమంత్రి, ఆ సీమకు ప్రభువులు. గిరిగారి వెనుక నున్నది కాంగ్రెసు పేరు. రాజాగారు తమ గడ్డమీదనే యోడిరి. శిస్తుల చట్టములు, కార్మిక చట్టములు ఎంతటి ప్రభువైనను ఒంటిగా తేజాలడు. శాసనసభలో పక్షము కావలెను. వోటర్లు ఆ సంగతి గ్రహించిరి. గిరిగారు రాజాజీ మంత్రివర్గమున కార్మికమంత్రి యైరి.

పక్షమునకు లోబడుటకును ఒక మేర కలదు. 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు పోయి కేంద్రమున కార్మికమంత్రియైన గిరిగారు, బ్యాంకు ఉద్యోగుల విషయమున ట్రిబ్యునలు తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో పదవిని వదలుకొనిరి. 1957లో పార్వతీపురమున ఓడిరి. అది రెండు స్థానముల నియోజకవర్గము. గిరిజనులకు ప్రత్యేకించిన స్థానమేకాక రెండవదియు గిరిజన అభ్యర్థికే దక్కెను. గిరిగారు సుప్రీంకోర్టువఱకు పోయిరి గాని 1959లో అచ్చటను నెగ్గలేదు. ఎక్కువ వోట్లు వచ్చిన గిరిజనుడు సామాన్యస్థానమున కూర్చుండుటలో తప్పేమి? కోర్టుదే న్యాయమని మా తలంపు.

1969లో రాష్ట్రపతి పదవికి కాంగ్రెసు నీలం సంజీవరెడ్డిగారిని నిలుపగా, గిరిగారు స్వతంత్రులుగా పోటీచేసిరి. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ చెప్పినట్లు వోటు వేయుడనిరి. రెండవ ప్రాధాన్యపు వోట్లును లెక్కించిన పిమ్మట గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువగల వోట్లు వచ్చెను. దీనిని ఒంటివాని గెలుపనుట మాత్రము సత్యదూరము. ప్రధాని అనుచరులును, వామపక్షములును, ద్రవిడ మున్నేట్ర కజగమును వెనుక నుండిరి. ఆ యేడే కాంగ్రెసు రెండుగా చీలినది. గిరిగారు 1980లో దివంగతులైరి.

ఇక మూలపేట. 2023లో శంకుస్థాపన జరిగిన రేవు ఏ సర్పంచి తెచ్చినదియు కాదు. అది ప్రభుత్వముల పని, పక్షముల పని. కాని త్రాగునీటి కుళాయి, వీధిదీపము, రేవువలన ఇల్లు కదలినవాని కాగితము మనిషి కాళ్లమీద నడచు పనులు. కావున పరిషత్తు వోటున పక్షమును, సర్పంచి వోటున మనిషిని చూడుడని మా సలహా. ఉంగరమునకు వెనుక ఏ జెండా యున్నదో ఊరందఱకు తెలిసియే యుండును. ఆ జెండా అధికారము కోల్పోయిననాడును ఈ మనిషి తహసీల్దారు గుమ్మ మెక్కునా యని ముందుగా అడుగవలెను.