ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్

‘జంగ్’ అనే పారసీక పదానికి యుద్ధమని అర్థం. హైదరాబాదు సంస్థానంలో ఈ పదంతో ముగిసే బిరుదులు సేనానులకు, అమాత్యులకు, జాగీర్దారులకు దక్కేవి. 1894లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అటువంటి బిరుదును, ఎన్నడూ కత్తి పట్టని ఒక వ్యక్తికి ప్రసాదించాడు. ఆయన చేతిలో ఉన్నది కెమెరా. ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ అన్న ఆ బిరుదులోని ‘ముసవ్విర్’ అన్న అరబ్బీ మాటకు రూపాన్ని చిత్రించేవాడు అని అర్థం. ఆ గౌరవాన్ని పొందినవాడు లాలా దీన్‌దయాళ్.

ఒక మనిషి రూపాన్ని పట్టి నిలపాలన్న కోరిక మానవజాతికి కొత్తది కాదు. బాణాసురుని కూతురు ఉష కలలో కనిపించిన పురుషుడెవరో తెలియక తపించినప్పుడు, చెలికత్తె చిత్రలేఖ ముల్లోకాల రాకుమారుల రూపాలను గీసి చూపిన కథ మన కావ్యాలలో ప్రసిద్ధమే. ఆ పనికి 19వ శతాబ్దంలో యంత్రం తోడైంది. 1839లో డాగ్యురే కనుగొన్న ఛాయాగ్రహణ పద్ధతి ఫ్రాన్సులో లోకానికి వెల్లడయింది. కొద్దికాలానికే ఆ విద్య భారతదేశపు రేవుపట్టణాలకు చేరింది. తెలుగువారు దీనికి ఛాయాచిత్రమని పేరు పెట్టుకొన్నారు. ‘ఛాయ’ అన్న సంస్కృత శబ్దానికి నీడ, కాంతి, ప్రతిబింబం అన్న మూడర్థాలూ ఉన్నాయి. ఇంత చక్కగా కుదిరిన అనువాదాలు అరుదు.

దీన్‌దయాళ్ 1844లో ఉత్తర భారతంలోని మీరట్ సమీపాన గల సర్ధనాలో జన్మించాడు. ఆయనది నగల వర్తకం చేసే జైన కుటుంబం. రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1866లో ఇందూరులోని ప్రభుత్వ నిర్మాణశాఖ కార్యాలయంలో చేరాడు. కట్టడాలకు అయ్యే వ్యయాన్ని అంచనా వేయడం, వాటి పటాలను గీయడం ఆయన ఉద్యోగం. ఏ గోడ ఎంత ఎత్తు, ఏ కమాను ఎంత వెడల్పు, ఏ కోణం నుండి చూస్తే కట్టడం సంపూర్ణంగా కనిపిస్తుంది అన్న వివేకం ఆ కొలువు నేర్పిన విద్యే. తరువాతి కాలంలో ఆయన తీసిన రాజప్రాసాదాల, దేవాలయాల చిత్రాలలో గీతలన్నీ నిటారుగా, నిశ్చలంగా నిలవడానికి ఈ పూర్వాభ్యాసమే మూలమని భావించవచ్చు.

ఆయన ఛాయాగ్రహణం వైపు మళ్ళింది 1874 ప్రాంతంలో. అప్పటికి వయస్సు ముప్పై. ఇందూరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు భారతదేశంలో పర్యటించినప్పుడు చిత్రాలు తీసే అవకాశం లభించింది.

ఆనాడు ఛాయాచిత్రం తీయడమంటే ఎంతటి శ్రమయో ఈనాటి విద్యార్థులు ఊహించడం కష్టం. గాజు పలకపై కొలోడియన్ అనే జిగురు ద్రావకాన్ని సమంగా పూసి, చీకటిలో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచి, ఆ తడి ఆరకముందే కెమెరాలో ఉంచి చిత్రం తీయాలి. తీసిన వెంటనే మళ్ళీ చీకటిలోకి కొనిపోయి రసాయనాలతో కడగాలి. తడి ఆరితే పలక పనికిరాదు. పది పదిహేను నిమిషాలలో అంతా ముగియాలి. అందువల్ల అడవిలోని గుడిని చిత్రించదలచినవాడు కెమెరాతో పాటు గాజు పలకల పెట్టెలను, రసాయనాల సీసాలను, నీటిని, చీకటి గుడారాన్ని ఎడ్లబండ్ల మీద, కూలీల తలల మీద మోయించుకొని పోవలసి వచ్చేది. మధ్య భారతపు ఎండలో ఆ ద్రావకం ఎంత త్వరగా ఆరిపోతుందో వేరుగా చెప్పనక్కరలేదు. 1880 ప్రాంతంలో, ముందే సిద్ధం చేసి అమ్మే పొడి పలకలు వాడుకలోకి వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది. అయినా చిన్న చిత్రాన్ని పెద్దదిగా చేసుకొనే సౌకర్యం ఆనాడు సామాన్యంగా లేదు. ఎంత చిత్రం కావాలో అంత పలకను వాడవలసిందే. గ్రుడ్డులోని తెల్లసొన పూసిన కాగితాన్ని ఆ పలకకు ఆనించి ఎండలో ఉంచితే ప్రింటు వచ్చేది.

1882లో, డేలీ అనంతరం ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ బుందేల్‌ఖండ్‌లో పర్యటిస్తూ దీన్‌దయాళ్‌ను వెంట తీసుకొనిపోయాడు. గ్వాలియరు కోట, ఖజురహో ఆలయాలు, దతియా, ఓర్ఛా ప్రాసాదాలు, సాంచీ స్తూపం ఆయన కెమెరాకెక్కాయి. వాటి నుండి ఎంపిక చేసిన చిత్రాలతో మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడాలను గురించిన గ్రంథం 1886లో లండనులో వెలువడింది. గ్రంథకర్తగా గ్రిఫిన్ పేరే ఉన్నది. కాని నేడు ఆ పుస్తకాన్ని తెరిచేవారు వ్యాసాల కోసం కంటె చిత్రాల కోసమే తెరుస్తారు. ఈ లోగా దీన్‌దయాళ్ దీర్ఘకాలపు సెలవు తీసుకొని, అటుపిమ్మట సర్కారు కొలువును విడిచిపెట్టాడు. నెలజీతపు భద్రతను వదలుకొని, నలభై ఏళ్ళ వయస్సులో, అంతగా వేళ్ళూనని వృత్తిని నమ్ముకోవడం సాహసమే. 1885లో వైస్రాయి ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా నియామకం లభించింది. నిజాం దర్బారు కూడ ఆయనను ఆదరించింది.

1880ల మధ్యలో ఆయన సికింద్రాబాదులో చిత్రశాలను నెలకొల్పాడు. ఈ స్థలం ఎంపికలో లౌక్యం ఉంది. ఒకవైపు ఆంగ్ల సైనికులతో, అధికారుల కుటుంబాలతో నిండిన కంటోన్మెంటు ఉంది. మరొకవైపు దేశంలోకెల్లా సంపన్నమైన సంస్థానపు రాజధాని ఉంది. సీమకు ఫోటో పంపుకోదలచిన సిపాయిదొర, పెండ్లి వేడుకను నిలుపుకోదలచిన నవాబు ఒకే ద్వారం గుండా లోనికి వచ్చేవారు. విద్యుద్దీపాలు లేని ఆ రోజుల్లో చిత్రశాలకు గాజు పైకప్పే ప్రాణం. తెరలను జరుపుతూ సూర్యకాంతిని తగ్గించుకొనేవారు, పెంచుకొనేవారు. వెనుక చిత్రించిన తెర, పక్కన చెక్కిన కుర్చీ, పూలకుండీ, మెడ కదలకుండ వెనుక నుండి ఆనించే ఇనుప ఊత ఆనాటి చిత్రశాలల సామగ్రి.

దీన్‌దయాళ్ ఘనత కేవలం కంటికీ చేతికీ సంబంధించినది కాదు. ఆ రోజుల్లో మంచి ఛాయాచిత్రకారులు మరికొందరు ఉండిరి. ఆయన చేసిన అసలైన పని ఒక సంస్థను నిర్మించడం. పలకలను సిద్ధం చేసేవారు, చిత్రాలు తీసేవారు, ప్రింట్లు వేసేవారు, రంగులద్దేవారు, లెక్కలు వ్రాసేవారు కలిసి పెద్ద పరివారమే ఆయన వద్ద పనిచేసింది. ప్రతి నెగెటివ్‌కూ ఒక సంఖ్య ఉండేది. ఆ సంఖ్యను బట్టి ఏ చిత్రమైనా మళ్ళీ ప్రింటు వేసి ఇవ్వగలిగేవారు. కుమారులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ పెద్దవారై వ్యాపారంలో చేరిన పిమ్మట ఆ సంస్థ ‘రాజా దీన్‌దయాళ్ అండ్ సన్స్’ అయింది. అందుచేత దీన్‌దయాళ్ పేరున్న ప్రతి చిత్రమూ ఆయన స్వయంగా తీసినదని అనుకోరాదు. మన పూర్వపు శిల్పాచార్యుల వలె ఆయన పేరు ఒక కార్యశాల మొత్తానికి ముద్ర అయింది. చిత్రం కింద పేరు యజమానిది. పలకను మోసిన చేతులు, కడిగిన చేతులు వేరు.

ఆ చిత్రశాల చేపట్టిన పనులలో విశిష్టమైనది 1892లో ఆరంభించిన జనానా విభాగం. పరదా పాటించే కులీన స్త్రీలు పరపురుషుని ఎదుట కూర్చొని ఫోటో తీయించుకోవడం ఆనాడు ఊహకందని సంగతి. కాబట్టి దీన్‌దయాళ్ స్త్రీల కోసం ఎత్తయిన గోడల నడుమ ప్రత్యేక చిత్రశాలను ఏర్పరచి, కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల వనితకు దానిని అప్పగించాడు. ఆమెకు సహాయకులుగా ఉన్నవారు కూడ స్త్రీలే. దీనిని వ్యాపారపు తెలివి అని తేలికగా కొట్టివేయవచ్చు. వ్యాపారపు తెలివే, సందేహం లేదు. కాని అంతఃపురపు తలుపుల వెనుక జీవితమంతా గడిపిన స్త్రీకి తన రూపాన్ని తన ఇష్టప్రకారం చిత్రంగా చూచుకొనే అవకాశం దీనివల్ల కలిగింది. ఒక స్త్రీ జీవనోపాధిగా ఛాయాగ్రహణం చేయడానికి కూడ ఇది తావిచ్చింది.

దీన్‌దయాళ్ చిత్రాలలో జనులు ఎక్కువగా ఎరిగినవి రాజవైభవానివి. చార్మినారు వీధి, ఫలక్‌నుమా ప్రాసాదంలోని మందిరాలు, ఏనుగుల ఊరేగింపులు, సేనల కవాతులు, విందుల బల్లలు వాటిలో ఉన్నాయి. 1902లో వైస్రాయి కర్జన్ వరంగల్ ప్రాంతపు నెక్కొండ అడవులలో పులిని వేటాడినప్పుడు, చచ్చిన పులి ముందు దంపతులిద్దరూ నిలిచి తీయించుకొన్న చిత్రం సుప్రసిద్ధం. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, తల ఎటు తిప్పాలి అన్నది ఈ చిత్రాలలో ఎంతో జాగ్రత్తగా నిర్ణయించినట్లు కనిపిస్తుంది. అధికారం తనను తాను ఎలా చూచుకోదలచిందో అలాగే వీటిలో కనబడుతుంది. చిత్రకారుడు ప్రభువుల వేతనం తీసుకొన్నాడు, ప్రభువులు మెచ్చే చిత్రాలను ఇచ్చాడు. ఆయన ప్రతిభను ప్రశంసించే ఉర్దూ ద్విపద ఒకటి నిజాం రచనగా నేటికీ ప్రచారంలో ఉంది.

అయితే అదే చిత్రశాల మరొక దృశ్యాన్ని కూడ చూచింది. 1899-1900లో దేశాన్ని పీడించిన మహాక్షామం నిజాం రాజ్యంలోని మరాఠ్వాడాను కూడ అతలాకుతలం చేసింది. ఔరంగాబాదు ప్రాంతంలోని క్షామబాధితులను, సహాయక శిబిరాలను దీన్‌దయాళ్ చిత్రశాల ఫోటోలు తీసింది. ఆ ఆల్బమ్ ఉద్దేశం సర్కారు చేసిన సత్కార్యాలను చూపడం. అందువల్ల ఇవి కరుణతో తీసినవని గాని, పాలకులను నిలదీయడానికి తీసినవని గాని చెప్పడం సత్యదూరమవుతుంది. అయినా వాటిని చూచినవారు ఆ ప్రయోజనాన్ని మరచిపోతారు. దర్బారు చిత్రంలో ప్రభువులను వరుసగా కూర్చుండబెట్టినట్లే ఇక్కడ ఆకలిగొన్నవారిని వరుసగా కూర్చుండబెట్టారు. కెమెరా అదే, క్రమశిక్షణ అదే. కాని ఎముకలు తేలిన భుజాలను, ఉబ్బిన పొట్టలను, కెమెరా వైపు చూచే పిల్లల కన్నులను గాజు పలక దాచలేకపోయింది. వజ్రాల పతకాన్ని ఎంత స్పష్టంగా చూపిందో పక్కటెముకలను కూడ అంత స్పష్టంగానే చూపింది. ఆయన చిత్రాలలో నేడు చరిత్రకారుడు ఎక్కువసేపు ఆగవలసినవి ఇవే.

1896లో దీన్‌దయాళ్ బొంబాయిలో మరొక చిత్రశాలను తెరిచాడు. నగరంలోని చిత్రశాలలలో అది మిక్కిలి పెద్దదని పేరుపొందింది. ఆ సంవత్సరమే బొంబాయిలో ప్లేగు వ్యాపించింది. దానికి తోడు వృత్తిలోనే పెనుమార్పు వస్తున్నది. 1888లో అమెరికాలో విడుదలైన కోడాక్ కెమెరా, దాని చుట్టఫిల్ము క్రమంగా భారతదేశానికి వచ్చాయి. ఏ శిక్షణా లేని దొరసాని సైతం తన పిల్లల ఫోటోలు తానే తీసుకోగలిగింది. గాజు కప్పు, పెద్ద పరివారం, పెట్టెల కొలది పలకలు అవసరమైన చిత్రశాలకు ఇది చిన్న పోటీ కాదు. రాజాశ్రయం మీద ఆధారపడిన వ్యాపారానికి మరొక చిక్కు కూడ ఉంటుంది. ప్రభువు మెప్పు ఉన్నంతకాలమే పని ఉంటుంది. మన కవులు ఈ సంగతిని ఎంతో ముందే తెలిసికొన్నారు.

1903 జనవరిలో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా ఢిల్లీలో జరిగిన దర్బారును ఆ సంస్థ చిత్రించింది. మరుసటి సంవత్సరం కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. పుత్రశోకం తరువాత దీన్‌దయాళ్ ఎంతోకాలం జీవించలేదు. 1905 జూలైలో బొంబాయిలో కన్నుమూశాడు. జ్ఞాన్‌చంద్, ఆయన తరువాత మనుమలు పనిని కొనసాగించారు గాని పూర్వవైభవం మరలి రాలేదు.

మిగిలినవి గాజు పలకలు. గాజు పగులుతుంది, తేమకు పైపూత పొరలుగా లేస్తుంది. వెలపోయిన పాత నెగెటివ్‌లను గీకి కిటికీ అద్దాలుగా అమ్ముకొన్న చిత్రశాలలు లోకంలో ఎన్నో ఉన్నాయి. దీన్‌దయాళ్ పలకలన్నీ ఆ గతి పట్టలేదు. వాటిలో 2,857 నెగెటివ్‌లను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించింది. 2006లో భారత తపాలాశాఖ ఆయన పేర ఒక తపాలా బిళ్ళను వెలువరించింది. 2010లో కళాకేంద్రం తన వద్ద ఉన్న పలకల నుండి తీసిన ప్రింట్లతో ఢిల్లీలో ప్రదర్శన ఏర్పాటు చేసింది.