రహీం సార్ మళ్ళీ వచ్చారు



పోయిన నెల టీవీలో మైదాన్ సినిమా చూసిన సంగతి అందరికీ ఎరుకే. అది 2024లో వచ్చిన హిందీ సినిమా. ఆ రాత్రి మొదలైన లొల్లి మన హాస్టల్లో ఇంకా తెగలేదు. ఆరో నంబరు రూము వాళ్ళేమో కోచ్ వల్లనే గెలిచారంటారు. మా రూము వాళ్ళు ఆడినవాళ్ళ వల్లనే గెలిచారంటారు. దీని మీద ఒకే బకెట్టు వాడుకునే ఇద్దరు స్నేహితులు రెండు రోజులు మాట్లాడుకోలేదు. అందుకని పి.ఇ.టి. మేడమ్ నన్ను పిలిచి, అరిచేది ఆపి ఆయన జీవితం గోడపత్రికకు రాయమన్నారు. నేను మా రూము పక్షం అని ముందే చెప్తున్నా. సినిమా అన్నాక కొంత కల్పించి పెడతారు. నేను జరిగినవే రాస్తాను. తప్పులుంటే మన్నించాలి.

సయ్యద్ అబ్దుల్ రహీం గారు 17-8-1909న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, అక్కడి టీములో ఫుట్‌బాల్ ఆడారు. తరువాత ఏమయ్యారనుకున్నారు? బడి పంతులు అయ్యారు! కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. సినిమా చూసినప్పుడు నాకు ఈ సంగతి అంత పట్టలేదు. చదివినాక మాత్రం ఆయన చేసిన పనులన్నీ పంతులు చేసిన పనుల లెక్కనే కనబడ్డాయి. ఊళ్ళో అందరూ ఆయనను రహీం సాబ్ అనేవారు. నేను సార్ అనే రాస్తాను, మనకు అదే నోటికి వస్తుంది.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం పని ఆయన చేతికి వచ్చాక పిల్లలకు వింత వింత పోటీలు పెట్టారు. ఒక పోటీలో బంతిని చేతకాని కాలుతోనే తన్నాలి. అంటే కుడికాలు వాటం ఉన్నవాడు ఎడమకాలుతో ఆడాలన్న మాట. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ ఉండదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి పాస్ ఇచ్చెయ్యాలి. ఎందుకంటే కుడికాలు ఒక్కటే వచ్చినవాడు ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతాడు, ఎదుటివాడికి ముందే తెలిసిపోతుంది. డ్రిబ్లింగ్ చేసేవాడు నలుగురిని దాటి ఐదోవాడి దగ్గర బంతి పోగొట్టుకుంటాడు. ఆ లోపల మనవాడు ఒకడు గోల్ ముందర ఖాళీగా నిలబడి చేతులు ఊపుతనే ఉంటాడు. మా టీములో కూడా అట్లాంటి అక్క ఒకరున్నారు, పేరు రాయను. మేము నలుగురం సాయంత్రం ఎడమకాలుతో ఆడి చూసినం. నేను బంతిని తన్నబోయి గాలిని తన్ని కింద పడ్డాను. పది నిమిషాలకే పిక్కలు గుంజినయి.

1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీసు టీముకు ఆయన కోచ్. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 దాకా ఐదు ఏండ్లు వరుసగా ఆ టీమే గెలిచింది. కలకత్తా, బొంబాయి క్లబ్బులవాళ్ళు హైదరాబాదు వైపు తిరిగి చూసిన రోజులు అవి.

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండియా టీముకు రహీం సార్ కోచ్. ఫైనల్‌లో ఇరాన్ మీద 1-0తో గెలిచి బంగారు పతకం తెచ్చుకున్నాము. ఆ గోల్ కొట్టినది మేవాలాల్. కెప్టెన్ శైలేన్ మన్నా.

మరుసటి ఏడు 1952లో హెల్సింకి ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాము. పదికి ఒకటి! మా రూము వాళ్ళకు ఇది చదివి వినిపిస్తే ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఒట్టి కాళ్ళతో ఆడారు. మనం కూడా ఒట్టి కాళ్ళతోనే ఆడుతాము కదా, కాని మన దగ్గర ఎర్రమట్టి, ఎండ. అక్కడ చలి, తడిగడ్డి, ఎదుటివాళ్ళ కాళ్ళకు బూట్లు. ఆ తరువాత ఇండియాలో బూట్లు వేసుకునే ఆడాలని నియమం పెట్టారు. కొందరు తప్పంతా కాళ్ళ మీద వేస్తారు. నేనట్లా అనుకోను. పది గోల్స్ ఒట్టి కాళ్ళకే పడవు.

ఆ ఒలింపిక్స్‌లో బంగారు పతకం హంగరీది. హంగరీవాళ్ళు మధ్యలో ఉండే ఫార్వర్డ్‌ను ముందర నిలబెట్టకుండా కొంచెం వెనక్కి దించి ఆడించేవారు. అతన్ని కాయాల్నా వద్దా అని ఎదుటి బ్యాక్‌లకు తికమక. రహీం సార్ ఆ పద్ధతిని ఇక్కడికి తెచ్చి మనవాళ్ళకు నేర్పారు. ఓడిపోయి వచ్చిన మనిషి గెలిచినవాళ్ళ ఆటను పాఠం లెక్క చదివారన్న మాట. ఈ ఒక్క చోట నేను ఆరో నంబరు రూముకు ఒక మార్కు ఇస్తున్నా.

అయితే 1954 మనీలా ఆసియా క్రీడలకు పోయిన టీముకు కోచ్ ఆయన కాదు, వేరేవారు. ఆ టీము మొదటి దశ దాటలేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు మళ్ళీ రహీం సార్‌నే పిలిచారు. పదికి ఒకటితో ఓడిన కోచ్‌ను మళ్ళీ పిలవడం న్యాయమా అని మా రూములో అడిగితే, ఏడుగురిలో ఐదుగురు పిలవొద్దు అన్నారు. నేను కూడా చెయ్యి ఎత్తాను.

ఇక్కడ తులసీదాస్ బలరాం గారి గురించి చెప్పాలి. సినిమాలో చూసిన బలరాం ఈయనే. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పుట్టారు. పేద ఇల్లు. ఆటకు పిలుపు వచ్చింది గాని అంత దూరం రోజూ వచ్చిపోవడానికి చేతిలో డబ్బులు లేవు. అప్పుడు సైకిలు అద్దెకు రహీం సార్ తన డబ్బులిచ్చారు. ఈ సంగతి బలరాం గారే ముసలితనంలో కూడా అందరికీ చెప్పుకునేవారు. చేత్తో ఇచ్చింది పుచ్చుకున్నవాళ్ళు మరిచిపోవడమే ఎక్కువ, ఈయన మరువలేదు.

మెల్‌బోర్న్ పోయిన టీములో హైదరాబాదు పిల్లలు చాలామంది ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం. తనవాళ్ళను తీసుకున్నాడని ఎవరన్నా అనవచ్చు, కాని చూడండి ఏం జరిగిందో. ఆస్ట్రేలియాను వాళ్ళ దేశంలోనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్‌లో మళ్ళీ అదే యుగోస్లావియా! మొదటి గోల్ మనదే, అది కూడా నెవిల్ డిసౌజాదే. చివరకు 4-1తో ఓడిపోయాము. తరువాత బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో ఉన్నాము. పదికి ఒకటి నుండి నాలుగుకు ఒకటి దాకా రావడానికి నాలుగు ఏండ్లు పట్టింది. నేను ఎత్తిన చెయ్యి అప్పుడు దించిన.

1958 టోక్యో ఆసియా క్రీడలకు మళ్ళీ వేరే కోచ్. నాలుగో స్థానం. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు మళ్ళీ రహీం సార్. ఈ పిలవడం, పక్కన పెట్టడం, మళ్ళీ పిలవడం ఎందుకో నాకు అర్థం కాదు. మన కొట్టంలో మేకను కట్టేసి విప్పినట్టు ఉంది. ఆయన మాత్రం పిలిచినప్పుడల్లా వచ్చారు. రోమ్‌లో హంగరీ మీద 2-1తో ఓడాము, ఫ్రాన్స్‌తో 1-1తో సమం, పెరూ చేతిలో 3-1తో ఓటమి. హంగరీ మీద, పెరూ మీద మన గోల్స్ బలరాంవే.

రోమ్ టీములో రహీం సార్ కొడుకు హకీం కూడా ఉన్నారు. ఈ మాట చదవగానే మా రూము వాళ్ళు ఎగిరి గంతేశారు, దొరికిండు అని. కాని ఆ కొడుకును ఒక్క ఆటలో కూడా దింపలేదు. అంత దూరం తీసుకుపోయి బయటనే కూర్చోబెట్టారు. ఆ తండ్రీకొడుకులు ఇంటికి వచ్చాక ఏం మాట్లాడుకున్నారో అని నాకు ఎన్నోసార్లు అనిపించింది.

ఇక 1962 జకార్తా. సినిమాలో చివర చూసింది ఇదే. అప్పటికే సార్ ఒంట్లో బాగా లేదు. ఊపిరితిత్తుల జబ్బు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాము. తరువాత థాయ్‌లాండ్ మీద 4-1తో గెలిచాము గాని, బ్యాక్ ఆడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద ఆయన లేకుండానే 2-0తో గెలిచాము. సెమీఫైనల్‌కు రహీం సార్ ఆయనను దింపారు, కాని బ్యాక్‌గా కాదు, ముందర ఫార్వర్డ్‌గా! దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాము, అందులో ఒక గోల్ జర్నైల్ సింగ్‌ది.

దీని మీదనే మన దగ్గర లొల్లి బాగా ముదిరింది. కుట్లు పడిన మనిషిని ఆడించడం పాపం అని ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు అంటారు. తలకు కట్టు కట్టుకొని గోల్ కొట్టింది జర్నైల్ సింగ్ కదా, కోచ్ కాదు కదా అని మా రూము. అతన్ని ముందర పెట్టాలన్న ఆలోచన ఎవరిది అని ఆరో నంబరు. నాకైతే చెల్లెళ్ళ మాట కూడా కొట్టిపారేసేది కాదు అనిపిస్తుంది. గెలిచారు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఫైనల్ 4-9-1962న. మళ్ళీ దక్షిణ కొరియాతో. సెనయన్ స్టేడియంలో లక్షమంది దాకా జనం. అందరూ మన మీద కోపంగా ఉన్నారు. ఎందుకంటే ఇండోనేషియావాళ్ళు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆటలకు రానియ్యలేదు. అది తప్పని మన దేశపు క్రీడా పెద్ద సోంధీ గారు బయటికే అన్నారు. ఆ మాట పడింది మన పిల్లల మీద. మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, గేలి చేసి అరిచారు. జ్వరం నుండి లేచిన పొడుగు మనిషి పీటర్ తంగరాజ్‌ను సార్ గోల్‌లో నిలబెట్టారు. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. రెండూ మొదటి ఇరవై నిమిషాల్లోనే. కొరియావాళ్ళు చివర్లో ఒకటి కొట్టారు. 2-1. కెప్టెన్ చునీ గోస్వామి పతకం అందుకున్నారు.

తొమ్మిది నెలలకు, 11-6-1963న, రహీం సార్ కన్నుమూశారు. వయసు 53. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ళ టీముకు ఆ తరువాత బంగారు పతకం రాలేదు. 1970లో కంచు వచ్చింది, అంతే.

అదే 1963లో బలరాం గారు కూడా ఊపిరితిత్తుల జబ్బు వల్ల ఆట మానేశారు. అప్పటికి ముప్పై ఏండ్లు కూడా లేవు. తరువాత బెంగాల్‌లోనే ఉండిపోయారు, 16-2-2023న అక్కడే చనిపోయారు. ఆయన నోరు ఊరుకునేది కాదు. ఆట ఆడినన్ని రోజులు భుజాల మీద మోసి తరువాత మరిచిపోతారని, ఫుట్‌బాల్ పెద్దలు పాత ఆటగాళ్ళను పట్టించుకోరని పేపర్లవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పేవారు. 1961లో తను కెప్టెన్‌గా ఉన్న ఈస్ట్ బెంగాల్ క్లబ్బు మీద కూడా అలిగి దూరంగా ఉన్నారు.

ఈ సంగతి చెప్పగానే పదో తరగతి అక్క ఒకరు, అన్నం పెట్టిన చోటనే తప్పు పట్టేవాడు మంచివాడెట్లా అవుతాడు అన్నారు. ఉప్మాలో ఉప్పు లేదని చెప్పినందుకు, పెట్టింది తిని మాట్లాడుతున్నారా అన్న మాట మనలో చాలామంది విన్నాము. (మేడమ్ గార్లూ, ఇది మీ గురించి కాదు, నేను విన్నది మా ఊళ్ళో పెళ్ళిలో.) నేను అక్కకు సైకిలు సంగతి చెప్పాను. అంత మందిని తప్పు పట్టిన ఆ మనిషే, రహీం సార్ పేరు వస్తే మాత్రం ఎప్పుడూ నెత్తిన పెట్టుకునే మాట్లాడారు. ఇచ్చింది చెప్పాడు, ఇయ్యనిది కూడా చెప్పాడు. అక్క ఒప్పుకోలేదు. ఉప్పు వేరే, క్లబ్బు వేరే అన్నది. ఆ లొల్లి కూడా నడుస్తనే ఉంది.

ఇప్పుడు మా రూములో నన్ను ఆరో నంబరులో కలిసినవని అంటున్నారు. నేను ఎందులో కలవలేదు.

వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు బోరింగ్ వెనక గ్రౌండులో మా రూముకు, ఆరో నంబరుకు ఎడమకాలి పోటీ. ఎడమచేతి వాటం వాళ్ళు కుడికాలుతో ఆడాలి. వాటం కాలు తగిలితే ఫౌల్. డ్రిబ్లింగ్ లేదు. రిఫరీగా ఉంటానని పి.ఇ.టి. మేడమ్ ఒప్పుకున్నారు. ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు ఆడాలనుకుంటే శుక్రవారం లోపల నాకు పేరు ఇయ్యాలి.

— 9వ తరగతి విద్యార్థిని