గాలిని లెక్కగట్టిన విల్లిస్ క్యారియర్

ఈ నెల మన గోడపత్రికలో జీవిత చరిత్ర రాసే వంతు నాకు వచ్చింది. గాంధీ తాత, అంబేద్కర్, కుమురం భీం గురించి ఇదివరకే మనవాళ్లు చక్కగా రాశారు. అందుకని నేను ఒక ఇంజనీరును ఎంచుకున్నాను. ఎండకాలంలో కేసముద్రంలో ఏసీ ఉన్న ఆఫీసులోకి పని మీద పోతే, పని అయిపోయినా బయటికి రాబుద్ధి కాదు కదా! ఆ చల్లదనానికి మూలపురుషుడు విల్లిస్ క్యారియర్.

ఈయన 1876 నవంబర్ 26న అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని అంగోలా అనే ఊరి దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు భిన్నాలంటే ఆయనకు అస్సలు అర్థం కాలేదట. (మనలో చాలామందికి బంధువే అన్నమాట.) వాళ్ల అమ్మ యాపిల్ పండ్లు తెప్పించి, సగం, పావు, అరపావు ముక్కలు కోసి, కూడికలు తీసివేతలు నేర్పింది. గడియారం చెడిపోతే విప్పి బాగు చేసే తల్లి ఆమె. ఆయనకు 11 ఏళ్లప్పుడు ఆమె చనిపోయింది. చేతిలో పైసలు లేక కొన్నాళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పి, తర్వాత స్కాలర్‌షిప్ పరీక్ష రాసి కార్నెల్ యూనివర్సిటీలో చేరాడు. ఖర్చుల కోసం ఇండ్ల ముందు గడ్డి కోసిండు, తోటి విద్యార్థితో కలిసి బట్టలుతికే లాండ్రీ నడిపిండు. ఆదివారం మన బోరు దగ్గర బట్టల కుప్ప చూస్తే నాకు ఆయనే గుర్తొస్తాడు.

1901లో ఇంజనీరింగ్ పాసై, బఫెలో నగరంలో వారానికి 10 డాలర్ల జీతంతో ఒక కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాదే అసలు కథ మొదలైంది. బ్రూక్లిన్‌లో ఒక పెద్ద ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే ఒక్కో రంగు విడివిడిగా వేయాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగేది, తగ్గితే ముడుచుకునేది. నిన్న వేసిన ఎరుపు మీద ఈ రోజు వేసే పసుపు సరిగ్గా కూర్చునేది కాదు. ఇది మనకు తెలియని బాధ కాదు. వానకాలంలో ఇదే గోడ మీద చార్టు ఉబ్బి, స్కెచ్ పెన్ను గీతలు పాకిపోతే తిరిగి రాసినవాళ్లం మనం.

క్యారియర్ 1902 జూలైలో దానికి బొమ్మ గీసి ఇచ్చాడు. చల్లటి నీళ్లు పారే గొట్టాల మీదుగా ఫ్యాన్‌తో గాలిని పంపాలి. చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమట పట్టినట్టు, గాలిలోని నీరు ఆ గొట్టాల మీద పడిపోతుంది. గాలి చల్లబడుతుంది, తేమ కూడా తగ్గుతుంది. కాగితం నిలకడగా ఉంది. మనుషుల కోసం కాదు, కాగితం కోసం! ఇది నాకు ఎప్పటికీ వింతే. ఆ ప్రెస్సులో చెమటలు కక్కే పనివాళ్లు ముందు కూడా ఉన్నారు కదా.

ఆ ఏడాది చివర ఆయన పిట్స్‌బర్గ్ రైల్వే స్టేషన్లో బండి కోసం నిలబడ్డాడు. పుష్యమాసంలో తెల్లారుజామున మన కేసముద్రం స్టేషన్లో పట్టాలు కనపడవు చూడండి, అట్లాంటి పొగమంచు. అందరూ బండి ఆలస్యమని చూస్తుంటే ఈయన మంచును చూశాడు. పొగమంచులో గాలి నిండా నీళ్లే, కానీ చలి ఎక్కువ కాబట్టి మొత్తం మీద ఉన్న తేమ తక్కువే. అంటే చల్లటి నీళ్ల జల్లులోంచి గాలిని పంపితే, ఆ నీటి చలిని బట్టి గాలిలో ఎంత తేమ ఉండాలో మనమే నిర్ణయించవచ్చు. నీళ్లతో గాలిని ఆరబెట్టడం! 1906లో దీనికి పేటెంటు వచ్చింది. 1911లో గాలి వేడికీ తేమకూ ఉన్న లెక్కను ఇంజనీర్ల సభలో చదివాడు.

తర్వాత దూదిమిల్లుల వంతు. గాలి ఎండితే నూలు పటుక్కున తెగుతుంది. ఎయిర్ కండిషనింగ్ అనే మాట కూడా 1906లో స్టువార్ట్ క్రేమర్ అనే మిల్లు ఇంజనీరు పెట్టిందే. మన వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు ఇప్పుడు లేదు గాని, ఆ మిల్లులో పనిచేసిన తాతలెవరైనా మీ ఊర్లో ఉంటే నూలు సంగతి అడగండి.

1914లో యుద్ధం మొదలైంది. కంపెనీవాళ్లు ఈ పని ఇక వద్దనుకున్నారు. క్యారియర్, ఇంకో ఆరుగురు ఇంజనీర్లు ఉన్న డబ్బంతా పోగేసి, 32,600 డాలర్లతో 1915లో సొంత కంపెనీ పెట్టారు. 1922లో ఆయన కొత్త రకం శీతల యంత్రం చూపించాడు. 1924లో డెట్రాయిట్‌లో ఒక పెద్ద బట్టల దుకాణం, 1925లో న్యూయార్క్ రివోలీ సినిమా హాలు చల్లబడ్డాయి. హాలుకు జనం అలవాటుగా విసనకర్రలు తెచ్చుకున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే ఒళ్లో పెట్టేసుకున్నారు.

ఆఫీసుల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. 1928లో టెక్సాస్‌లో 21 అంతస్తుల మైలం బిల్డింగ్ మొత్తం చల్లబరిచారు. కానీ ఎత్తైన భవనంలో ఒక వైపు ఎండ, ఇంకో వైపు నీడ. అందరికీ ఒకే గాలి పంపితే ఒకాయన చెమట తుడుచుకుంటాడు, ఇంకొకాయన వణుకుతాడు. పైగా గాలి గొట్టాలు గదులంత జాగా తింటాయి. 1930ల చివర క్యారియర్ దీనికి దారి చూపాడు. సన్నటి గొట్టాలలో గాలిని వేగంగా పంపి, కిటికీ కింద చిన్న పెట్టె పెట్టి, ఏ గదికి ఆ గది చలి, వెచ్చదనం సరిచేసుకునేటట్టు చేశాడు.

1950 అక్టోబర్ 7న ఆయన చనిపోయాడు. ఇంటింటికీ ఏసీలు రావడం ఆ తర్వాతే. ఏసీ లోపలి వేడిని మాయం చేయదు, బయటికి నెడుతుంది, కరెంటు కూడా తాగుతుంది. అందుకే మన దేశంలో 2020 నుంచి కొత్త గది ఏసీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలని నియమం పెట్టారు. ఏసీ లేని ఇండ్ల కోసం తెలంగాణలో 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చారు. స్లాబు మీద తెల్ల పూత వేస్తే ఎండ వెనక్కి పోతుంది. మా తండాలో మట్టిగోడ, గడ్డి కప్పు ఉన్న పాత ఇల్లు మధ్యాహ్నం కూడా చల్లగనే ఉంటది. మన డార్మిటరీ స్లాబు సంగతి అందరికీ తెలుసు. వేసవి సెలవులకు ముందే ఆ పూత ఒకసారి వేసి చూద్దామా, వార్డెన్ సార్? బ్రష్షులు పట్టడానికి మేమున్నాం.