కరవు నెరిగిన చేతులు
(పండిత రమాబాయి జీవితము)

ధ్యానమునకు: ఎస్తేరు గ్రంథము 4వ అధ్యాయము

విత్తనము గాదెలో నున్నంతకాలము దానికి అపాయము తక్కువ. నేలలో చల్లితిమా, వాన రావలెను, చీడ తగులకుండవలెను. అయినను భయపడి చల్లక మానిన రైతును మనము చూడలేదు. పొలములో మనకున్న ఈ తెగువ తక్కిన బ్రతుకులో ఎందుకుండదు? ఈ నెల పండిత రమాబాయి జీవితమును చూచి దీనిని ఆలోచింతము.

రమాబాయి 1858వ సంవత్సరమున పడమటి కనుమల అడవిలో ఒక మరాఠీ బ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. స్త్రీలకు సంస్కృతము కూడదని లోకమనుచుండగా, తండ్రి అనంతశాస్త్రి తన భార్యకు దానిని నేర్పెను. ఆ తల్లి కుమార్తెకు నేర్పెను. పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వారు జీవించెడివారు. 1870 తరువాతి కరవు దినములలో వారికి చేతిలో కాసు లేకపోయెను. మన తిరుపతి ప్రాంతపు అడవిలో పదకొండు దినములు ఆకులు తిని, నీరు త్రాగి ప్రాణము నిలుపుకొనిరి. ఆ కష్టములలోనే తండ్రియు, తల్లియు, కొంతకాలమునకు అక్కయు మరణించిరి.

మిగిలిన అన్నాచెల్లెండ్రు దేశమంతయు తిరిగి 1878లో కలకత్తా చేరిరి. అక్కడి పండితులు ఆమె విద్యకు మెచ్చి పండిత, సరస్వతి అను బిరుదుల నిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె కులము చూడక ఒక బెంగాలీ వకీలును వివాహమాడెను. 1882లో కలరా ఆయనను తీసికొనిపోయెను. 24 ఏండ్లు నిండకమునుపే, చేతిలో పసిబిడ్డ మనోరమతో ఆమె విధవరాలాయెను. 1883లో ఇంగ్లండునకు వెళ్లి అక్కడ బాప్తిస్మము పొందెను. 1889లో బొంబాయిలో విధవలకొరకు శారదాసదనమను పాఠశాల తెరచి, తరువాత పూనాకు మార్చెను. బాలికలు క్రీస్తువైపు తిరుగుచున్నారని 1893లో అలజడి పుట్టగా, అనేకులు తమ పిల్లలను తీసికొనిపోయిరి.

ఇట్లుండగా 1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. దిక్కులేని ఆడపిల్లలు దారులవెంట పడియున్నారనియు, దుర్మార్గుల చేతులలో పడుచున్నారనియు ఆమె వినెను. ఊరకుండుటకు ఆమెకు మంచి కారణములే యుండెను. అమెరికాలోని స్నేహితులు పదియేండ్లకు మాటయిచ్చిన ధనసహాయమునకు గడువు దగ్గరపడెను. ఉన్న పాఠశాలను నిలుపుటయే కష్టముగా నుండెను. అయినను, అడవిలో ఆకులు తిన్న దినములను ఆమె మరువలేదు. ఆమె బయలుదేరెను. సుమారు 300 మంది బాలికలను, స్త్రీలను తీసికొనివచ్చెను.

ఇంతలో పూనాలో ప్లేగు ప్రబలెను. క్రొత్తవారిని పట్టణములో ఉంచరాదని అధికారు లాజ్ఞాపించిరి. పూనాకు 30 మైళ్లకు పైగా దూరమున కేడ్గాములో ఆమె ముందుగానే కొని, పండ్లచెట్లు నాటించిన భూమి యుండెను. ఇండ్లు మాత్రము లేవు. డేరాలు, పాకలు వేసి వారినక్కడ ఉంచెను. అదియే ముక్తిసదనమాయెను. గుజరాతు కరవు వచ్చిన 1900 నాటికి అక్కడివారి సంఖ్య రెండువేలకు దగ్గరపడెను. వారు చదువు, నేత, వ్యవసాయము, అచ్చుపని నేర్చి తమ కాళ్లపై నిలువగలిగిరి. 1921లో కుమార్తె మనోరమ మరణించెను. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసెను. ఆమె మరాఠీలోనికి తర్జుమాచేసిన బైబిలు ఆమె తరువాత వెలువడెను. ముక్తిసదనము నేటికిని నిలిచియున్నది.

ప్రియులారా, ఎస్తేరు కూడ తలిదండ్రులు లేని పిల్లయే. పిలువబడకుండ రాజునొద్దకు పోయిన ప్రాణము పోవచ్చునని ఆమెకు తెలియును. ఊరకున్న తనవారి ప్రాణములు పోవుననియు తెలియును. రమాబాయియు ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచెను. మనమైతే తరచుగా మొదటి లెక్కయే వేసికొని ఆగిపోవుచున్నాము. తెగువ యనగా కన్నులు మూసికొని దుముకుట కాదు. ఆమె ముందుగా భూమి కొని, చెట్లు నాటియుంచెను. అయితే సమస్తము సిద్ధమగువరకు ఆమె కూర్చుండియుండలేదు. ఆకలి కొందరికి దాచుకొనుట నేర్పును. ఆమెకు ఇతరుల ఆకలిని చూచుట నేర్పెను.

మన ఊరిలో చదువు మానిన ఆడపిల్ల యున్నది. పొలము గట్టున ఒంటరియైన విధవరాలున్నది. వచ్చే పంటకు చూతమని మనము ఎన్ని పంటలు గడిపితిమి? ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో వారి పేరు చెప్పుదము. తెల్లవారగనే వారి వాకిటికి పోదము.