గాజుకు కొలత నేర్పిన ఫ్రాన్‌హోఫర్

పదో తరగతిలో గాజు వక్రీభవన గుణకం 1.5 అని మేమంతా బట్టీ పట్టాం. ఆ అంకెను కచ్చితంగా కొలిచే దారి చూపినవారు ఒక అనాథ అని మాకు అప్పట్లో తెలియదు.

జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ 1787 మార్చి 6న బవేరియాలోని స్ట్రాబింగ్‌లో ఒక గాజు పనివాడి ఇంట జన్మించారు. 11 ఏళ్లకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మ్యూనిక్‌లో ఒక అద్దాల పనివాడి దగ్గర జీతం లేని పనికి కుదిర్చారు. ఆ యజమాని చాకిరీ చేయించుకున్నాడే గాని ఆదివారం బడికి పంపలేదు, పుస్తకం పట్టనివ్వలేదు.

1801 జులై 21న ఆ ఇల్లు కూలింది. కొన్ని గంటల తర్వాత ఫ్రాన్‌హోఫర్‌ను శిథిలాల్లోంచి ప్రాణాలతో బయటకు తీశారు. చూడవచ్చిన బవేరియా పాలకుడు 18 బంగారు నాణేలు ఇచ్చారు. ఉట్జ్‌ష్నైడర్ అనే పెద్దమనిషి పుస్తకాలు ఇచ్చారు. ఆ డబ్బుతో ఫ్రాన్‌హోఫర్ గాజు సానబట్టే యంత్రం కొన్నారు, యజమానికి కొంత కట్టి చాకిరీ వదిలించుకున్నారు. (అంత డబ్బు మా చేతికొస్తే ముందు ఏం కొనేవాళ్లమో చెప్పకపోవడమే మంచిది!)

1806లో ఉట్జ్‌ష్నైడర్ లెన్సుల సంస్థలో చేరారు. అక్కడొక చిక్కు ఎదురైంది. గాజులో ఒక్కో రంగు ఒక్కో మేర వంగుతుంది. కానీ వర్ణపటంలో పసుపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఎవరు చెప్పగలరు? హద్దు లేనిచోట కొలత కుదరదు. 1814లో సూర్యుడి వర్ణపటంలో ఆయనకు 500కు పైగా నల్లని గీతలు కనిపించాయి. ముఖ్యమైనవాటికి అక్షరాలు పేర్లుగా పెట్టి, వాటినే హద్దురాళ్లుగా వాడి గాజు గుణకాలు కొలిచారు. విశ్వవిద్యాలయం ముఖం చూడలేదని మ్యూనిక్ అకాడమీలో కొందరు అభ్యంతరం చెప్పినా సభ్యత్వం వచ్చింది. క్షయతో 1826 జూన్ 7న, 39 ఏళ్లకే కన్నుమూశారు.

ఇప్పుడు గాజు బదులు పలుచని ప్లాస్టిక్ పొరలు కూడా వస్తున్నాయి. మామూలు ప్లాస్టిక్ గుణకం సుమారు 1.5. అందులో సుమారు 2.5 గుణకమున్న టైటానియం డయాక్సైడ్ నానో రేణువులు కలిపితే పొర గుణకం పెరుగుతుంది. రేణువులు కాంతి తరంగం కన్నా చాలా చిన్నవిగా ఉండాలి. ఉండకట్టాయా, పొర పాలలా తెల్లబడి పనికిరాదు. ఇలాంటి పొరల గుణకాన్ని రాసేటప్పుడు తరచుగా అంకె గుర్తు కింద చిన్న ‘డి’ వేస్తారు. పసుపు రంగులోని గీతకు ఫ్రాన్‌హోఫర్ పెట్టిన అక్షరం అదే.