నొప్పిని తగ్గించడం పాపమా? – డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్ జీవితం

ప్రసవ వేదన పడుతున్న తల్లికి నొప్పి తెలియకుండా మందు ఇవ్వడం దేవుని మాటకు విరోధమా? ఈ రోజు ఈ ప్రశ్న మనకు వింతగా తోచవచ్చు. కానీ 170 ఏళ్ల క్రితం స్కాట్లాండులో దీని మీద గట్టి వాదమే నడిచింది. ఆ వాదంలో వైద్యాన్నీ వాక్యాన్నీ రెంటినీ పట్టుకొని నిలబడిన వ్యక్తి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ ఆచార్యుడు డాక్టర్ జేమ్స్ యంగ్ సింప్సన్.

ఆయన 1811 జూన్ 7న బాత్‌గేట్ అనే చిన్న ఊళ్లో, రొట్టెలు కాల్చి అమ్ముకునే కుటుంబంలో పుట్టారు. తొమ్మిదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తండ్రి, అన్నలు నోరు కట్టుకొని ఆయన్ని చదివించారు. 14వ ఏట ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరారు.

అప్పటికి మత్తుమందు లేదు. రోగికి తెలివి ఉండగానే కోసేవారు. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక పేద స్త్రీకి రొమ్ము ఆపరేషన్ చేస్తుంటే చూసి తట్టుకోలేక బయటికి వచ్చేశారనీ, వైద్యం మానేసి కోర్టులో గుమాస్తా పని కోసం వెళ్లారనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. అయితే ఆయన తిరిగి వచ్చారు. ఈ బాధను తగ్గించే మార్గమే లేదా అన్న ప్రశ్నను మాత్రం వెంట తెచ్చుకున్నారు.

1840లో, 28 ఏళ్ల వయసులో, ప్రసూతి వైద్య ఆచార్యుడిగా ఎన్నికయ్యారు. గెలిచింది ఒకే ఒక్క ఓటుతో. 1846లో అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ మత్తుతో ఆపరేషన్ జరిగిందన్న వార్త వచ్చింది. 1847 జనవరిలోనే సింప్సన్ దాన్ని కాన్పులో వాడారు. కానీ ఈథర్ వాసన ఘాటు, ఊపిరితిత్తులకు ఇబ్బంది, పైగా ఎక్కువ మోతాదు కావాలి. అంతకంటే మేలైనది వెదకాలని ఆయన, ఇద్దరు సహాయకులు, కీత్, డంకన్, రాత్రివేళ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చొని రకరకాల ద్రవాల ఆవిరి పీల్చి చూసేవారు. రోగుల మీద ప్రయోగించక ముందు తమ మీదే ప్రయోగించుకున్నారు. 1847 నవంబరు 4 రాత్రి క్లోరోఫామ్ పీల్చారు. కాసేపటికే ముగ్గురూ బల్ల కింద ఉన్నారు! కొద్ది రోజుల్లోనే దాన్ని కాన్పులో వాడారు, నవంబరు 10న ఎడిన్‌బరో వైద్యుల సభకు నివేదించారు.

అప్పుడు అభ్యంతరాలు లేచాయి. నొప్పి సహజం, దాన్ని ఆపితే ప్రమాదమని చాలామంది వైద్యులు అన్నారు. కొందరు భక్తిపరులు ఆదికాండము 3:16 చూపించి, ప్రసవ వేదన దేవుడే విధించాడు, దాన్ని తీసేయడం ఆయన మీద తిరుగుబాటు అన్నారు. డిసెంబరులో సింప్సన్ ఒక చిన్న పుస్తకం రాసి జవాబిచ్చారు. 16వ వచనంలో స్త్రీకి చెప్పిన ప్రయాసకూ, 17వ వచనంలో పురుషుడికి చెప్పిన ప్రయాసకూ హెబ్రీలో ఒకటే మాట ఉంది, ఇత్సావోన్. మన తెలుగు బైబిలులో కూడా రెండు చోట్లా ప్రయాసము అనే మాటే కనబడుతుంది. రైతు ముళ్లు ఏరి, నాగలి కట్టి తన ప్రయాస తగ్గించుకోవడం పాపం కానప్పుడు, స్త్రీ ప్రయాస తగ్గించడం ఎలా పాపమవుతుందన్నది ఆయన వాదం. ఆదాము పక్కటెముక తీయకముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడని కూడా గుర్తుచేశారు. ఈ రెండో వాదం కాస్త సాగదీసినట్టు నాకు అనిపిస్తుంది. మొదటిది మాత్రం ఈనాటికీ బలమైనదే.

1853లో విక్టోరియా రాణి తన కాన్పులో క్లోరోఫామ్ తీసుకున్నాక వాదం చాలావరకు సద్దుమణిగింది.

ఈ కథకు చీకటి వైపు కూడా ఉంది. 1848 జనవరిలో, కాలిగోరు తీయడానికి క్లోరోఫామ్ ఇచ్చిన 15 ఏళ్ల హన్నా గ్రీనర్ నిమిషాల్లో చనిపోయింది. తప్పు మందుది కాదు, తేర్చడానికి నోట్లో పోసిన బ్రాందీది అన్నారు సింప్సన్. ఆయన రుమాలు మీద మందు పోసి ఇచ్చేవారు. రాణికి మందిచ్చిన డాక్టర్ జాన్ స్నో మాత్రం మోతాదు కొలిచి ఇవ్వాలని పట్టుబట్టి పరిశోధించారు. ఈ విషయంలో స్నో మార్గమే సరైనది. మంచి ఉద్దేశం ఉన్నవాడు కూడా తన పనిని ఇతరులు పరీక్షించడానికి ఒప్పుకోవాలి.

సింప్సన్ ఇంటికి కూడా దుఃఖం వచ్చింది. 1862లో కుమారుడు జామీని, 1866లో పెద్ద కుమారుడు డేవిడ్‌ను పోగొట్టుకున్నారు. ఆపరేషన్ నొప్పికి మందు కనిపెట్టిన మనిషికి ఆ నొప్పికి మందు దొరకలేదు. 1861 చివరిలో ఆయన క్రీస్తును వ్యక్తిగతంగా నమ్ముకున్నారు. ఆ తరువాత సువార్త కూటాల్లో నిలబడి ఆ రక్షకుని గురించి సాక్ష్యమిచ్చారు. 1870 మే 6న ప్రభువు నందు నిద్రించారు.

ఆయన వదిలివెళ్లిన ప్రశ్న మన హైదరాబాదుకూ వచ్చింది. క్లోరోఫామ్ ప్రాణం తీసేది ఎలా అని తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888, 1889లలో ఇక్కడ రెండు కమిషన్లు పనిచేశాయి. ముందు ఆగేది శ్వాసే, దాన్ని కనిపెట్టి ఉంటే చాలని అవి తేల్చాయి. గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని తరువాతి పరిశోధన చూపింది. క్రమంగా మరింత క్షేమమైన మందులు వచ్చాయి.

ప్రియులారా, ఒక మాట ఒప్పుకోవాలి. నా పరిచర్య తొలి రోజుల్లో క్యాన్సర్‌తో మంచం పట్టిన ఒక తల్లి, నొప్పి సూది వేయించుకుంటే నా విశ్వాసం తక్కువైనట్టా అయ్యగారూ అని అడిగింది. నేను యోబు సహనం గురించి చెప్పి వచ్చేశాను. ఆమె సూది వేయించుకోలేదు. ఆ జవాబు ఈనాటికీ నన్ను నిద్రపోనివ్వదు.

సహించమని వాక్యం చెప్పేది బాధపడేవారిని నిలబెట్టడానికే గాని, పక్కన ఉన్నవారు చేతులు కట్టుకొని కూర్చోవడానికి కాదు. మన వేదనలను భరించిన ప్రభువు (యెషయా 53:4) ఎవరి నొప్పిని చూసీ అది నీకు మంచిదేలే అని దాటిపోలేదు. ఈ వారం మీ సంఘంలో నొప్పితో ఉన్నవారి దగ్గరికి వెళ్లండి. ప్రార్థించండి. ప్రార్థన ముగించాక, డాక్టరు రాసిచ్చిన మందు వేసుకున్నారా అని కూడా అడగండి. వేసుకోకపోతే నీళ్లగ్లాసు మీరే అందించండి.